ఎనిమా అంటే ఏంటి, ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది ఆత్మకూరు దగ్గర పల్లె. మామగారికి 72 ఏళ్లు. ఎడమ తుంటి విరిగితే నెల్లూరులో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకుని 9 రోజులైంది. 5 రోజులుగా దొడ్డికి పోలేదు. నిన్నటి నుంచి మాత్రం పంచె తడిసేట్టు రవ్వంత రవ్వంత నీళ్లలాగా పోతా ఉంది. సర్జన్ గారు ఫోన్లో "ఎనిమా ఇప్పించండి" అన్నారు. మందుల షాపాయన ఒక చిన్న ప్లాస్టిక్ సీసా చేతిలో పెట్టాడు. పక్కింటామె "వారానికోసారి చేసుకుంటే పేగులు కడిగినట్టుంటాయి, ఇంటిల్లిపాదీ చేసుకోండి" అంది. ఆపరేషన్‌కి ముందు చేసిన రక్త పరీక్షలో, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ 2.1, అంటే ఎక్కువే, వచ్చిందని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎనిమా అంటే అసలు ఏంటి, దేనికి వాడతారు, ఇంట్లో మనమే ఇవ్వొచ్చా అన్నది మీరు అడిగింది.

నేను 33 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆసుపత్రుల్లో, ఎక్కువ కాలం సర్జికల్ వార్డులో, కొన్నేళ్లు లేబర్ రూములో పనిచేశాను. మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ముందు ఆ సీసా మూత తీయకుండా పక్కన పెట్టండి. ఇంకో పని, విరేచనాలు పట్టుకున్నాయని ఎవరైనా మోషన్లు ఆగే మాత్ర ఇస్తే వెయ్యొద్దు.

ఆ నీళ్ల విరేచనం సంగతి మొదట చెప్తాను, ఇక్కడే చాలామంది ఇళ్లలో పొరపాటు పడతారు. మంచం మీద కదలకుండా పడుకున్న ముసలివాళ్లకి మలాశయంలో మలం రాయిలాగా గట్టిపడి ముద్ద కడుతుంది. దాని పైన పేగులో ఉన్న పలచటి మలం ఆ ముద్ద పక్క సందుల్లోంచి కారుకుంటూ వస్తుంది. చూసేవాళ్లకి విరేచనాల్లాగా కనపడుతుంది. నిజానికి అది మలబద్ధకం, అందులోనూ ముదిరిన మలబద్ధకం. ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయనను వారం రోజుల విరేచనాలని తీసుకొచ్చారు. అప్పటికే మోషన్లు ఆగే మాత్రలు వేసి, తిండి మాన్పించి, గంజి నీళ్లే పోస్తున్నారు. డ్యూటీ డాక్టరు గ్లవుజు తొడిగి వేలితో చూశారు. లోపల నిమ్మకాయంత గట్టి ముద్ద. మూత్రం కూడా దాని ఒత్తిడికే ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బి ఉంది. ఆయన మతి తప్పినట్టు మాట్లాడుతున్నాడని కొడుకు ఏడుస్తున్నాడు. మూడు రోజులు నెమ్మదిగా తీశాం. నాలుగో రోజు మనిషి లేచి కూర్చుని కాఫీ అడిగాడు.

మీ మామగారిది అదేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. కానీ ఆపరేషన్, పడక, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ లాంటి మాత్రలు, ఎముకకని కాల్షియం, రక్తానికని ఐరన్, బెడ్‌పాన్ అడగాలంటే మొహమాటపడి నీళ్లు తాగడం తగ్గించుకోవడం, ఈ ఆరూ ఒకచోట కలిశాయంటే అనుమానం అటే పోతుంది. వేలితో పరీక్ష చేసి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఆ పరీక్ష కాకుండా ఎనిమా ఇవ్వొద్దని నా మాట.

ఇప్పుడు అర్థానికి వస్తాను. మలద్వారం గుండా మలాశయంలోకి, ఒక్కోసారి ఇంకాస్త పైకి పెద్దపేగులోకి ద్రవం ఎక్కించడమే ఎనిమా. మన ఆయుర్వేదంలో దీని పేరు వస్తి, పంచకర్మల్లో ఒకటి. చరక సంహితలో వస్తిని సగం చికిత్స అన్నారు. వస్తి అంటే మూత్రాశయం. ఆ రోజుల్లో మేక లాంటి జంతువుల మూత్రాశయాన్ని శుభ్రం చేసి, గొట్టానికి కట్టి, అందులో మందు పోసి నొక్కేవారు కాబట్టి ఆ పేరు నిలిచింది. వాళ్లు అప్పుడే రెండు రకాలు విడదీశారు. కషాయంతో ఇచ్చి బయటికి రప్పించేది నిరూహం. నూనెతో ఇచ్చి లోపలే నిలిపేది అనువాసనం. మేము నర్సింగ్‌లో నేర్చుకున్నదీ ఈ రెండే, కడిగే ఎనిమా, నిలిపే ఎనిమా.

అందుకే నా విద్యార్థినులకి ఒకటి చెప్పేదాన్ని. ఎనిమా ఒక మందు పేరు కాదమ్మా, ఒక దారి పేరు. ఆ దారిలో ఏం పంపుతున్నాం, ఎందుకు పంపుతున్నాం, అది బయటికి రావాలా లోపలే ఉండాలా అన్నది తెలియకుండా ఎనిమా నీళ్లు పోసే క్యాన్ పట్టుకోవద్దు. "ఎనిమా ఇవ్వండి" అని ఎవరన్నా "దేంతో సార్?" అని అడగాలి. మీరు కూడా సర్జన్ గారికి మళ్లీ ఫోన్ చేసి అదే అడగండి, క్రియాటినిన్ సంగతి గుర్తు చేస్తూ.

ఎందుకంటే షాపులో మూడొంతులు చేతికొచ్చే ఆ 100 మి.లీ. సీసాలో ఉండేది సోడియం ఫాస్ఫేట్. అది పేగులోకి నీళ్లు లాగి, అయిదు పది నిమిషాల్లో పని చేస్తుంది. మూత్రపిండాలు బాగున్న పడుచువాళ్లకి ఒకసారి వాడితే ఇబ్బంది అరుదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకి మాత్రం ఆ ఫాస్ఫేట్ రక్తంలోకి ఎక్కి బయటికి పోలేక కాల్షియాన్ని పడగొడుతుంది. గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ రావొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. గట్టి ముద్ద అడ్డం ఉండి ఎక్కించిన మందు తిరిగి బయటికి రాకపోతే ప్రమాదం ఇంకా జాస్తి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2014 జనవరిలో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. 24 గంటల్లో ఒక్క మోతాదు దాటొద్దని, 2 ఏళ్ల లోపు పిల్లలకి మలద్వారం గుండా అసలే ఇవ్వొద్దని, 55 దాటినవాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, ఒంట్లో నీరు తగ్గినవాళ్లు డాక్టరుని అడగకుండా వాడొద్దని చెప్పింది. మన కనిగిరి వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లూ మూత్రపిండాల జబ్బులూ ఎంత ఉన్నాయో ఈ రెండు జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. అక్కడి షాపుల్లో కూడా ఈ సీసా అడగ్గానే ఇచ్చేస్తున్నారంటే నాకు భయం వేస్తుంది.

మరి దేంతో ఇవ్వాలి? ఇలాంటివాళ్లకి వార్డులో మేము చేసే వరస ఇది. ముద్ద మరీ గట్టిగా ఉంటే ముందు 100 నుంచి 150 మి.లీ. గోరువెచ్చని నూనె ఎక్కించి అరగంటైనా, ఓపిక ఉంటే ఇంకాసేపు, లోపల నిలవనిస్తాం. నూనె మలాన్ని నానబెడుతుంది, దారి జారుగా అవుతుంది. తర్వాత సెలైన్‌తో కడిగే ఎనిమా. అప్పటికీ రాకపోతే డాక్టరు గానీ అలవాటున్న నర్సు గానీ వేలితో కొంచెం కొంచెంగా విడగొట్టి తీస్తారు. అది మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు. లోపల నరం ఒత్తుకుని నాడి ఒక్కసారిగా నెమ్మదించి మనిషి సొమ్మసిల్లడం నేను కళ్లారా చూశాను.

సెలైన్ అంటే లీటరు నీళ్లకి 9 గ్రాముల ఉప్పు, రక్తంలో ఉండే ఉప్పదనానికి దగ్గర. అందుకే పేగు దాన్ని లాక్కోదు, తనలోంచి నీళ్లు వదలదు. ఉత్త నీళ్లు అలా కాదు. ఒకసారైతే పర్వాలేదు, మళ్లీ మళ్లీ పోస్తే పేగు ఆ నీళ్లని పీల్చేస్తుంది, రక్తంలో సోడియం పడిపోతుంది. సబ్బు నీళ్ల ఎనిమా అయితే నేను ఉద్యోగంలో చేరినప్పుడు రోజూ ఇచ్చేవాళ్లం. సబ్బు ముక్క నీళ్లలో గిలకొట్టి నురగ తీసేసి పోయడం. ఆ సబ్బు పేగు లోపలి పొరని కాల్చినట్టు చేసి రక్తం, జిగట పడేలా చేస్తుందని తేలాక చాలా చోట్ల మానేశారు. ఇప్పటికీ ఎక్కడైనా ఎవరైనా సబ్బు కలుపుతుంటే వద్దని చెప్పండి.

ఇచ్చే పద్ధతి మీకు తెలియాలి. ఇంట్లో మీ చేత ఇప్పించడానికి కాదు, ఇచ్చేవాళ్లు సరిగ్గా ఇస్తున్నారో లేదో కనిపెట్టడానికి. ఎడమ పక్కకి పడుకోబెట్టి కుడి మోకాలు ముందుకి మడవమంటాం. పెద్దపేగు చివరి వంపు పొట్టలో ఎడమ వైపు ఉంటుంది కాబట్టి నీళ్లు దానంతటవే అటు జారతాయి. మీ మామగారికి ఆపరేషన్ అయింది ఎడమ తుంటికే కదా, ఆ పక్కకి తిప్పొద్దు, మోకాలు పొట్ట దాకా మడవనూ వద్దు. ఎముకల డాక్టరు ఏ పక్క ఒప్పుకుంటే ఆ పక్క, లేదా వెల్లకిలా పడుకోబెట్టి ఇస్తారు. ఈ మాట ఇచ్చేవాళ్లకి మీరే ముందు చెప్పాలి. వాళ్లు కట్టు చూసి తెలుసుకుంటారని వదిలేయొద్దు.

క్యాన్ గొట్టంలో గాలి లేకుండా కాసిని నీళ్లు బయటికి వదిలి క్లిప్పు వేస్తాం. కొసకి వాసెలిన్ గానీ జెల్లీ గానీ రాసి, నోటితో ఊపిరి తీసుకోమని, బొడ్డు వైపుకి గురిపెట్టి 3, 4 అంగుళాలు, అంతే. అడ్డం తగిలితే తొయ్యరాదు. తోస్తే పేగు చిల్లిపడుతుంది, ఎనిమాలో అన్నిటికన్నా ఘోరమైన ప్రమాదం అది. క్యాన్ మంచం కన్నా అడుగు, అడుగున్నర ఎత్తు చాలు. నీళ్ల వేడి ఒంటి వేడికి కాస్త ఎక్కువ, మోచేతి లోపలి చర్మం మీద పోసుకుంటే హాయిగా అనిపించాలి. పెద్దవాళ్లకి అర లీటరు నుంచి లీటరు. ముసలి ప్రాణానికి అర లీటరుతో మొదలు. మెలిపెట్టినట్టు నొప్పి వస్తే క్లిప్పు వేసి ఆగాలి, తగ్గాక మళ్లీ. అయ్యాక 5 నుంచి 10 నిమిషాలు పట్టి ఉంచమంటాం.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, రాత్రి డ్యూటీలో ఒక్కదాన్నే 40 మంది రోగులతో ఉన్నాను. త్వరగా అవుతుందని ఎనిమా క్యాన్ తగిలించే స్టాండు బాగా పైకి లేపాను. ఆ పెద్దమ్మ "అమ్మా, కడుపు పగిలిపోతా ఉంది" అంటుంటే "అయిపోయింది, రెండు నిమిషాలు" అన్నాను. ఆమెకి చెమటలు పట్టి కళ్లు తేలేసింది. కాళ్లు ఎత్తిపెట్టి సెలైన్ పెడితే తేరుకుంది. తెల్లారి నా చెయ్యి పట్టుకుని "నీ తప్పేం లేదులే" అంది. తప్పు నాదే. ఆ తర్వాత స్టాండు ఎత్తు కొలవకుండా ఒక్క ఎనిమా ఇవ్వలేదు.

ఇంకో బాధ ఉంది, ఇది నా ఒక్కదానిది కాదు. లేబర్ రూములో చేసినన్నాళ్లూ కాన్పుకి వచ్చిన ప్రతి తల్లికీ ఎనిమా ఇచ్చేవాళ్లం. నొప్పులు పడుతూనే బాత్రూముకి పరిగెత్తేవాళ్లు పాపం, కొందరు దారిలోనే. కాన్పు త్వరగా అవుతుంది, బిడ్డకి ఇన్ఫెక్షన్ రాదు అని మాకు నేర్పారు, మేము నమ్మాం. పరిశోధనల్లో ఆ రెండూ నిలబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 కాన్పు మార్గదర్శకాల్లో అందరికీ ఎనిమా ఇవ్వడాన్ని వద్దనే చెప్పింది. మీ ఇంట్లో ఎవరికైనా కాన్పు సమయంలో ఎనిమా అంటే, "ఈమెకి ప్రత్యేకంగా ఎందుకు?" అని అడిగే హక్కు మీకుంది.

అయితే ఈ దారి ఎంత గొప్పగా పనిచేస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. కాలేయం పాడైన రోగి మగతలోకి జారిపోతాడు, పేగులో తయారయ్యే అమ్మోనియా మెదడుకి ఎక్కడం వల్ల. మింగలేని అలాంటి మనిషికి 300 మి.లీ. లాక్టులోజ్ అనే విరేచనం మందుని 700 మి.లీ. నీళ్లలో కలిపి ఎనిమాగా ఇచ్చి, అరగంట నుంచి గంట నిలిపితే, పొద్దున పిలిస్తే పలకనివాడు సాయంత్రానికి భార్య పేరు చెప్పడం చూశాను. పెద్దపేగు చివర పుండ్లు పడి రక్త విరేచనాలయ్యేవాళ్లు ఆ వాపు తగ్గించే మెసలమైన్ మందు ఎనిమా పడుకునే ముందు ఇంట్లోనే తీసుకుంటారు, అది తెల్లవార్లూ లోపల ఉండాలి. పేగు ఎక్స్‌రేలో కనపడేలా చేసే బేరియం మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం నా మొదటి రోజుల్లో వారానికి నాలుగైదు ఉండేవి, కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే కొలొనోస్కోపీ, సీటీ స్కాన్ వచ్చాక బాగా తగ్గాయి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది పసిపిల్లల్లో. ఆరు, ఏడు నెలల బిడ్డ ఉన్నట్టుండి కాళ్లు పొట్టకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్లీ ఏడుస్తుంది. వాంతులు. చివరికి ఎర్రటి జిగురు లాంటి విరేచనం. పేగు పేగులోకే, చొక్కా చెయ్యి లోపలికి మడిచినట్టు, దూరుకుపోతే ఇలా అవుతుంది. త్వరగా తీసుకొస్తే స్కానింగ్‌లో గానీ ఎక్స్‌రే తెర మీద గానీ చూస్తూ గాలి లేదా సెలైన్ ఎనిమా ఒత్తిడితో ఆ మడతని వెనక్కి తోస్తారు. ఎక్కువమంది పిల్లలకి కత్తి పడకుండానే బాగవుతుంది. ఆలస్యం చేస్తే పేగు కుళ్లి ఆపరేషన్ తప్పదు. దిష్టి అని, వాము నీళ్లు అని ఒక రోజు పోగొట్టుకుని వచ్చిన తల్లుల మొహాలు నాకిప్పటికీ గుర్తు.

పసిపిల్లల మాట వచ్చింది కాబట్టి, తమలపాకు తొడిమకి ఆముదం రాసి బిడ్డ మలద్వారంలో పెట్టడం మన పల్లెల్లో ఇంకా ఉంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ, నెల దాటాక, అయిదారు రోజులు దొడ్డికి పోకపోయినా, పొట్ట మెత్తగా ఉండి పాలు బాగా తాగుతుంటే, పోయినప్పుడు మెత్తగానే పోతుంటే అది జబ్బు కాదు. తొడిమతో ఆ లేత చర్మం చీరుకుంటుంది. సబ్బు పుల్ల కూడా వద్దు.

కొలొనోస్కోపీకి ముందు కడుపు శుభ్రం చేయడాన్ని కూడా కొందరు ఎనిమా అనుకుంటారు. దానికి సాధారణంగా పాలిథిలీన్ గ్లైకాల్ పొడిని 2 లీటర్ల నీళ్లలో కలిపి, సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు పొద్దున తాగిస్తారు. పేగు చివరి భాగం మాత్రమే చూసే పరీక్షకైతే ఎనిమా సరిపోతుంది.

ఇక మీ పక్కింటామె సలహా. ఆమె మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. ప్రకృతి వైద్యంలో ఎనిమాకి పెద్ద స్థానం ఉంది. గాంధీగారు దాన్ని గట్టిగా నమ్మారు, 1946లో పూణే దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్స ఆశ్రమం పెట్టించారు. ఆ గౌరవం నాకూ ఉంది. కానీ ఏళ్ల తరబడి పేగు గోడలకి మలం పట్టేసి ఉంటుందన్నది నిజం కాదు. 33 ఏళ్లలో సర్జన్లు పేగు కోసినప్పుడు పక్కన నిలబడి చూశాను, అలాంటి పెచ్చులు ఎక్కడా లేవు. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదవుతూనే ఉంటుంది. రక్తంలో మలినాలు తీసేది కాలేయం, మూత్రపిండాలు. వారం వారం కడిగితే పేగు దానికే అలవాటు పడి, ఎనిమా లేకపోతే దొడ్డికి రాని స్థితికి రావొచ్చు. కాఫీ ఎనిమా అని వీడియోల్లో చెప్పేది మరీ ప్రమాదం. పేగు కాలినవాళ్లు, లవణాలు తారుమారై చనిపోయినవాళ్లు వైద్య పత్రికలకెక్కారు.

ఇవి కూడా గట్టిగా గుర్తుంచుకోండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే అది పేగు అడ్డుపడటం కావచ్చు. పొట్టలో కుడి పక్క కింద నొప్పి, జ్వరం ఉంటే అపెండిక్స్ కావచ్చు. అలాంటప్పుడు ఇంట్లో ఎనిమా ఇస్తే పేగు పగలొచ్చు. కారణం తెలియకుండా రక్తం పడుతుంటే, పేగుకి గానీ మలద్వారానికి గానీ ఈమధ్యే ఆపరేషన్ అయి ఉంటే, క్యాన్సర్ మందులతో తెల్లకణాలు పడిపోయి ఉంటే కూడా వద్దు. గుండె జబ్బున్నవాళ్లకి ఆసుపత్రిలోనే.

కాబట్టి రేపు పొద్దున్నే ఆయన్ని ఆత్మకూరు ఆసుపత్రిలో చూపించండి. కదిలించడం కష్టమైతే ఇంటికొచ్చే డాక్టరుతో పరీక్ష చేయించండి. ట్రమడాల్ తగ్గించవచ్చా, ఐరన్ కొన్నాళ్లు ఆపవచ్చా, పేగు కదలడానికి రోజూ ఏం మందు వాడాలి, రోజుకి ఎన్ని నీళ్లు ఇవ్వొచ్చు అని అడిగి రాయించుకోండి. మూత్రపిండాల సంగతి ఉంది కాబట్టి నీళ్లు కూడా మీ ఇష్టానికి పోయొద్దు. ఇసబ్‌గోల్ ఇప్పుడు వద్దు, ముద్ద కట్టి ఉన్నచోట నీళ్లు చాలకపోతే అది ఇంకా బిగుసుకుంటుంది. దారి తెరుచుకున్నాక తెల్లటి అన్నం ఒక్కటే కాకుండా పీచున్న తిండి మొదలుపెట్టండి, ఏవి పెట్టొచ్చో ఆ డాక్టరునే అడగండి, కొన్ని పళ్లలో పొటాషియం జాస్తి, మూత్రపిండాలు బాగాలేనివాళ్లకి అది మంచిది కాదు. తిన్న పావుగంటకి పేగు దానంతటదే కదులుతుంది. రోజూ ఆ వేళకే, లేపి కూర్చోబెట్టడానికి ఎముకల డాక్టరు ఒప్పుకున్నాక, ఎత్తైన కమోడ్ మీద కూర్చోబెట్టండి.

మామగారికి మీరు ఇవ్వడానికి మొహమాటంగా ఉందని రాశారు. ఆయనకి అంతకు పదింతలు ఉంటుంది. మగ నర్సు చేసి, మీ ఆయన పక్కన ఉంటే ఆయన ప్రాణం కుదుటపడుతుంది. ఎవరు చేసినా ముందు ఆయనకి చెప్పండి, తలుపు వెయ్యండి, నడుము దాకా దుప్పటి కప్పండి, బెడ్‌పాన్ చేతికందే చోట పెట్టాకే మొదలుపెట్టమనండి. అయ్యాక గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్దినట్టు తుడిచి ఆరనివ్వండి. రెండు రోజులుగా తడిలో ఉన్న చర్మం కదా, నడుము కింద, పిర్రల మధ్య ఒకసారి చూడండి. ఎర్రబడి, వేలితో నొక్కితే ఆ ఎరుపు పోకుండా ఉంటే పడక పుండు మొదలైనట్టే, ఆ మాట కూడా రేపు డాక్టరుకి చెప్పండి.